కూచిపూడి మోక్యాప్ క్లీనప్: వణుకు తీసేస్తే అడుగులోని తాకిడి కూడా పోతోంది

తరంగం_ట్రాక్
పిల్లలకు కూచిపూడి ప్రాథమిక అడుగులు, జతులు నేర్పే యానిమేషన్ పాఠాల కోసం ఒక నర్తకి నృత్తాన్ని మోషన్ క్యాప్చర్ (మోక్యాప్) చేయించాము, అంటే ఒంటికి మెరిసే మార్కర్లు అతికించి ఆమె కదలికను కంప్యూటర్‌లోకి ఎక్కించాము. అద్దెకు తీసుకున్న హాలులో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో, సెకనుకు 120 ఫ్రేముల చొప్పున రికార్డింగ్ జరిగింది. హాలు వారు ఇచ్చిన, అస్థిపంజరం కదలిక ఉండే ఎఫ్‌బీఎక్స్ ఫైలును బ్లెండర్ అనే 3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మోకాళ్ళు, మడమలు సన్నగా వణుకుతున్నాయి. కదలికను కర్వులుగా (వంపు గీతలుగా) చూపే గ్రాఫ్ ఎడిటర్‌లోని బటర్‌వర్త్ ఫిల్టర్‌ను 6 హెర్ట్జ్ దగ్గర పెట్టి (అంటే సెకనుకు 6 సార్లకు మించిన కంపనాలను తీసివేసేలా) అన్ని ఎముకల మీదా నడిపాను. వణుకు పూర్తిగా పోయింది, దానితో పాటే నాట్యమూ పోయింది. "తకధిమి" అన్నప్పుడు పాదం నేలను కొట్టడం లేదు, నీళ్ళలో దిగుతున్నట్టు మెల్లగా ఆనుతోంది. విలువను 15కు పెంచితే అడుగు కొంత బాగుపడుతోంది కానీ మోకాళ్ళ వణుకు తిరిగి వస్తోంది. గజ్జెల వల్ల చీలమండ మార్కర్లు చాలాసేపు కనబడకుండా పోయాయని హాలు వారే చెప్పారు. ఫిల్టర్‌కు సరైన విలువ ఏది? లేక రికార్డింగే మళ్ళీ చేయించుకోవాలా?

వక్రరేఖ
విలువ గురించి మాట్లాడే ముందు రెండు సంగతులు తెలియాలి. మీ బ్లెండర్ సీన్ సెకనుకు 24 ఫ్రేముల మీద ఉందా, 120 మీద ఉందా? సీన్ 24లో ఉండగా 120 ఫ్రేముల ఫైలును దిగుమతి చేస్తే ఒక్కో ఫ్రేము వెడల్పులో ఐదేసి కీలు (ఎముక స్థితిని నమోదు చేసిన బిందువులు) ఇరుక్కుంటాయి. ఫిల్టర్‌లో "శాంపిల్స్ పర్ ఫ్రేమ్" 1గా ఉంటే అది ఫ్రేముకు ఒక్క చోటే చూసి లెక్క కడుతుంది. ఇక రెండవది, హాలు వారి దగ్గర సీ3డీ ఫైలు, అంటే మార్కర్ల స్థానాలు ఉన్న మూల ఫైలు ఉందా? ఎఫ్‌బీఎక్స్‌లో మీకు వచ్చినది ఎముకల తిరుగుడు మాత్రమే. ఏ మార్కర్ ఎక్కడ ఉంది, ఎప్పుడు మాయమైంది, మాయమైన చోట ఎవరు ఏమి పూరించారు అన్నది మార్కర్ల ఫైలు చూస్తే గాని తెలియదు.

తరంగం_ట్రాక్
సీన్ 24లోనే ఉంది, శాంపిల్స్ విలువ 1గానే ఉంది. సీ3డీ ఇమ్మని హాలు వారికి ఈ రోజే రాస్తాను.

నూటఇరవై_ఫ్రేములు
వక్రరేఖ గారు అడిగిన రెండూ ముఖ్యమే, అయితే సీన్ 120కి మార్చినా 6 హెర్ట్జ్ మీకు పనికిరాదు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మామూలు నడకను విశ్లేషించే బయోమెకానిక్స్ ప్రయోగశాలల్లో మార్కర్ల దారులను 6 హెర్ట్జ్ దగ్గర వడకట్టడం చాలా కాలంగా ఉన్న పద్ధతి. నడకలో ఒక కాలు సెకనుకు సుమారుగా ఒక ఆవృత్తి పూర్తి చేస్తుంది కాబట్టి ఆ కదలికలోని సారమంతా 6 లోపే ఇమిడిపోతుంది. మన జతిలో మూడవ కాలం (మూడవ వేగం) వచ్చేసరికి ఒకే పాదం సెకనుకు 3 సార్లు నేలను తాకుతోందనుకోండి. అప్పుడు మూల పౌనఃపున్యం 3 హెర్ట్జ్ అవుతుంది, అడుగుకు పదును తెచ్చే అంశాలన్నీ 6, 9, 12, 15 దగ్గర ఉంటాయి. 6 దగ్గర కోసేస్తే మిగిలేది దాదాపుగా సైన్ తరంగమే. పాదం పైకి లేచే తీరూ కిందికి దిగే తీరూ ఒకేలా మారిపోతాయి. మీరు చూసింది సరిగ్గా అదే.

మరొకటి కూడా గమనించండి. ఫిల్టర్‌ను డేటా మీద ఒకే దిశలో నడిపితే కదలిక మొత్తం కొద్దిగా ఆలస్యమవుతుంది, అడుగు తాళం కంటే వెనకబడుతుంది. అందుకే ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి నడిపి ఆ ఆలస్యాన్ని రద్దు చేస్తారు. అలా చేసినప్పుడు తాళం నిలుస్తుంది కానీ పాదం నేలను తాకడానికి ముందే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, తాకిన తరువాత నేలలోకి కొద్దిగా దిగుతుంది. ఫిల్టర్‌కు నేల ఉన్న సంగతి తెలియదు. దానికి తెలిసినది వంపు మాత్రమే, ఆ వంపులోని మూలను అది గుండ్రంగా చేస్తుంది.

నట్టువాంగం
నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను, నాట్యం నేర్పే దానిని. పై వివరణ చదివాక మా విద్యార్థులకు నేను చెప్పే మాటే గుర్తుకు వచ్చింది: అడుగు వేయడంలో పాదం దిగే వేగం కంటే అది ఆగే తీరు ముఖ్యం. పాదమంతా ఒకేసారి నేలను తాకే అడుగు వేరు, మునివేళ్ళ మీద నిలిచి మడమను కొట్టే అడుగు వేరు. మీ వీడియోలో ఈ రెండూ ఒకేలా కనబడుతుంటే పిల్లలు తప్పు నేర్చుకుంటారు. బొమ్మను చూసి నేర్చుకునే పిల్లవాడు దాని పాదం ఎక్కడ బరువు మోపుతోందో చూస్తాడు. దయచేసి ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి.

కీఫ్రేమ్_వాది
ఇంత శ్రమ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మోకాళ్ళ నుంచి కిందికి ఉన్న డేటా అంతటినీ తీసివేసి, పాదాలను చేతితో కీ చేసుకోండి, అంటే ముఖ్యమైన భంగిమలను మీరే నిలుపుకోండి. నడుము, వెన్ను, భుజాలు, తల రికార్డింగ్ నుంచి తీసుకుంటే చాలు. పాదం అంటే పైన ఒక భంగిమ, కింద ఒక భంగిమ, నడుమ ఒకటి. చేయి తిరిగిన యానిమేటర్‌కు అది ఫిల్టర్లతో కుస్తీ పట్టడం కంటే తక్కువ పని.

ఎముకలగూడు
కీఫ్రేమ్_వాది గారి మాట నడకకు, పరుగుకు కొంతవరకు చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. అరమండిలో (మోకాళ్ళు పక్కలకు విచ్చి సగం కూర్చున్న భంగిమలో) ఉన్న మనిషి కుడి పాదం ఎత్తినప్పుడు బరువంతా ఎడమ కాలి మీదికి మారుతుంది, నడుము ఆ మేరకు పక్కకు జరుగుతుంది, పాదం కొట్టిన క్షణంలో ఆ తాకిడి వెన్ను దాకా పాకుతుంది. నడుము రికార్డింగ్‌లోనిది, పాదం చేతితో వేసినది అయితే రెండింటికీ మధ్య ఒకటి రెండు ఫ్రేముల తేడా వచ్చినా చూసేవారికి ఎక్కడో అతకలేదని తెలిసిపోతుంది. ఏది అతకలేదో మాత్రం చెప్పలేరు.

నేను పాటించే పద్ధతి ఇది. మొదట ఏ ఫిల్టరూ వేయని పాదం కర్వును దగ్గరగా పెద్దది చేసి చూస్తాను. ఒక మంచి తట్టులో, నేల మీద నిలిచినప్పటి ఎత్తుతో పోలిస్తే, మడమ ఒక ఫ్రేములో 4 సెంటీమీటర్ల పైన ఉంటుంది, తరువాతి ఫ్రేములో 2, ఆ తరువాతి ఫ్రేములో సున్నా. ఆ పైన నాలుగైదు ఫ్రేముల పాటు ఒకటి రెండు మిల్లీమీటర్ల అదురు ఉండి ఆగిపోతుంది. అదే కర్వు 6 హెర్ట్జ్ ఫిల్టర్ తరువాత చూస్తే పాదం చాలా ముందు నుంచే నెమ్మదించి, సున్నా దాటి కిందికి పోయి, మళ్ళీ పైకి తేలుతుంది. 120 ఫ్రేముల రికార్డింగ్‌లో ఒక ఫ్రేము అంటే 8.33 మిల్లీసెకన్లు. ఆ సున్నా పడిన ఫ్రేమే అడుగు. దానిని గుర్తించి అక్కడ ఒక గుర్తు పెట్టుకోవాలి, ఆ గుర్తుకు రెండు వైపులా వేరువేరుగా నునుపు చేయాలి. గుర్తును దాటి ఏ ఫిల్టరూ పోకూడదు. పాదం నేల మీద ఉన్నంతసేపు ఐకే టార్గెట్‌ను (కాలి ఎముకలను తన వెంట నడిపించే పాదపు గురిని) కదలకుండా బిగించి, ఎత్తే ముందు రెండు మూడు ఫ్రేములలో ఆ బిగింపును సడలించాలి.

వక్రరేఖ
"గుర్తుకు రెండు వైపులా వేరువేరుగా" అన్న మాటను ప్రతి ఒక్కరూ రాసి పెట్టుకోవాలి. ఇంతకు మించిన సలహా ఈ చర్చలో రాదని నా నమ్మకం.

ఫిజియో_విజయవాడ
మోకాళ్ళ వణుకు సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. నేను నడక విశ్లేషణ ప్రయోగశాలలో పని చేస్తాను. మార్కర్‌ను అతికించేది ఎముకకు కాదు, చర్మానికి. పాదం బలంగా నేలను కొట్టినప్పుడు పిక్క కండ, తొడ కండ అదురుతాయి, వాటి మీద ఉన్న మార్కర్లు కూడా అదురుతాయి, ఎముక మాత్రం అలా కదలదు. సాఫ్ట్‌వేర్ ఆ అదురును మోకాలి తిరుగుడుగా లెక్క కట్టి మీకు ఇస్తుంది. అంటే మీ ఫైలులో మడమ దగ్గర ఉన్న పదును నిజమైన కదలిక, తొడ దగ్గర ఉన్న అదురు చర్మానిది. రెండింటికీ ఒకే విలువ పెట్టడం ఎలా కుదురుతుంది? తొడ, పిక్క మార్కర్లను తక్కువ విలువ దగ్గర గట్టిగా వడకట్టండి, పాదం మీది మార్కర్లను దాదాపుగా ముట్టుకోకండి. అయితే ఈ పని మార్కర్ల దశలోనే చేయాలి. ఎముకల తిరుగుడుగా మారిన తరువాత తొడను సవరిస్తే దాని కింద ఉన్న పాదం కూడా జరుగుతుంది.

తరంగం_ట్రాక్
ఇప్పుడు సీ3డీ ఎంత అవసరమో అర్థమైంది. హాలు వారు పంపుతామన్నారు. అది వచ్చేలోగా ఒక ప్రశ్న: రెండవ విడత రికార్డింగ్ ఎలాగూ ఉంది. అప్పుడు గజ్జెలు తీసివేయించాలా?

హాలు_ఆపరేటర్
తీసివేయించండి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకు మెరిసేదంతా మార్కరే. కెమెరా చుట్టూ ఉన్న దీపాలు వెలుగు చిమ్ముతాయి, మార్కర్ మీది పూత దానిని వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది. ఇత్తడి మువ్వ గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఏదో ఒక కోణంలో అదీ తిప్పి పంపుతుంది. ఒక్కో కాలికి వరుసలు వరుసలుగా మువ్వలు ఉంటే తెర మీద చీలమండ చుట్టూ లేని చుక్కలు పుట్టుకొస్తాయి, అసలు మార్కర్ పేరు పక్క మువ్వకు పోతుంది. దానిని విడదీయడానికి మాకు రాత్రులు పడుతుంది.

నట్టువాంగం
గజ్జెలు లేకుండా ఆడిన అడుగు వేరే అడుగు. కాలికి బరువు ఉంటుంది, ఆ బరువును ఎత్తి దించడంలో ఒక తీరు ఉంటుంది, మువ్వల శబ్దాన్ని వింటూ నర్తకి తన కాలాన్ని సరిచూసుకుంటుంది. గజ్జెలు విప్పించి ఆడించడం అంటే మృదంగాన్ని ఆపివేసి పాడమనడమే. కెమెరాకు ఇబ్బంది అయితే కెమెరా వైపు నుంచి దారి వెతకాలి.

హాలు_ఆపరేటర్
మీ మాటను కాదనడం లేదు. గజ్జెలు ఉంచవలసిందే అంటే ఒక దారి ఉంది. మెరుపు లేని నల్లని సాగే గుడ్డను తొడుగులా కుట్టించి గజ్జెల మీద వేయాలి. శబ్దం కొంత మందగిస్తుంది కానీ బరువు, బరువుతో వచ్చే తీరు అలాగే ఉంటాయి. చీలమండ ఎముక మీద పెట్టే మార్కర్‌ను వదిలివేసి, గజ్జెల పైన, పిక్క ముందు భాగంలో ఎముక చర్మానికి దగ్గరగా ఉండే చోట మూడు నాలుగు మార్కర్లను ఒకదానితో ఒకటి పోలిక లేని దూరాలలో పెడతాము. మడమకు ఒకటి, బొటనవేలి మొదట్లో ఒకటి, చిటికెన వేలి మొదట్లో ఒకటి ఎలాగూ ఉంటాయి. చీలమండ కీలు ఎక్కడ ఉందో ఈ రెండు గుంపుల నుంచి లెక్క కట్టవచ్చు. రికార్డింగ్‌కు ముందు గజ్జెలు లేకుండా నిలబెట్టి చీలమండ మీద తాత్కాలికంగా మార్కర్లు పెట్టి ఒక నిశ్చల భంగిమ తీసుకుంటే ఆ లెక్క కచ్చితంగా వస్తుంది.

అరమండికి ఇంకో జాగ్రత్త కావాలి. నడుము ముందు భాగంలోని రెండు మార్కర్లు శరీరం ముందుకు వంగినప్పుడు, చేతులు నడుము మీద పెట్టినప్పుడు మాయమవుతాయి. నడుము వెనుక అదనంగా మరో రెండు పెట్టించుకోండి. కనీసం మూడు కనబడుతుంటే నాలుగవ దానిని వాటి ఆధారంగా కూర్చవచ్చు. ఇక హాలు నేల గ్రానైట్‌ది అయితే కెమెరా దీపాల ప్రతిబింబాలు నేలలో కనబడతాయి. ఆ ప్రతిబింబాలను మాస్క్ చేయడం (కెమెరా చూపులో ఆ చోటును మూసివేయడం) మొదలుపెడితే నేల దగ్గర మార్కర్లనే కెమెరాలు చూడవు, పాదాల డేటాకు అదే చేటు. మెరుపు లేని చాప లేదా మ్యాట్ వేయించండి. కిటికీలను పూర్తిగా మూయించండి, ఎందుకంటే ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. మధ్యాహ్న భోజనం తరువాత కాలిబ్రేషన్ (కెమెరాల స్థానాలను లెక్క కట్టడం) మళ్ళీ చేయమని అడగండి. ఉదయం చల్లగా ఉన్న కెమెరా వేడెక్కాక స్థానం రవ్వంత మారుతుంది, ఎవరి కాలో స్టాండుకు తగిలినా అంతే.

పదిహేడు_సెన్సార్లు
ఈ తలనొప్పులన్నీ కెమెరాల వల్ల వచ్చినవే. సెన్సార్లు కుట్టిన సూటు తొడిగితే కనబడడం, కనబడకపోవడం అన్న సమస్యే లేదు. ఎక్స్‌సెన్స్ సూటులో 17 సెన్సార్లు ఉంటాయి. మైదానంలోనైనా, వేదిక మీదైనా రికార్డు చేసుకోవచ్చు. కాకపోతే పళ్ళెం మీద ఆడే తరంగానికి మాత్రం సూటు వద్దు. ఇత్తడి పళ్ళెం సూటులోని దిక్సూచిని చెడగొడుతుంది.

భౌతికశాస్త్రం
ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. అయస్కాంతం దానిని లాగదు, దిక్సూచి ముల్లు దాని వల్ల పక్కకు తిరగదు. సూటుకు పళ్ళెం వల్ల దిక్కు తప్పే సమస్య రాదు.

పదిహేడు_సెన్సార్లు
అయితే పళ్ళెం మీద దిక్కు తప్పడానికి కారణం వేదిక కింద ఉన్న ఇనుప ఫ్రేము అయి ఉండాలి. కాంక్రీటు శ్లాబులోని ఇనుప కడ్డీలు, ఇనుప కుర్చీలు, స్పీకర్లు కూడా ఇదే పని చేస్తాయి. పాదాల సెన్సార్లు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి వాటి మీద ప్రభావం ఎక్కువ. అందుకే హాలులో నలుమూలలా నెమ్మదిగా నడిపించి, పాదాలు ఎక్కడ లోపలికో బయటికో తిరిగిపోతున్నాయో చూసి, ఆ చోటును వదిలివేసి రికార్డు చేస్తాము. గజ్జెల గురించి కూడా చెప్పాలి. పిక్క మీది సెన్సార్‌కు గజ్జెల పట్టీ ఆనుకుని ఉంటే మువ్వల అదురు నేరుగా దానిలోకి వస్తుంది. సెన్సార్‌ను మోకాలి దగ్గరగా జరిపి, పట్టీకి దానికి నడుమ నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచుతాము.

ఎముకలగూడు
సూటుకు ఇంకొక పరిమితి ఉంది. తాను గదిలో ఎక్కడ ఉన్నానో దానికి నేరుగా తెలియదు. ఏ పాదం నేల మీద ఉందో ఊహించి, ఆ పాదం నుంచి లెక్క కట్టుకుంటూ పోతుంది. పళ్ళెం అంచు నేలకు కొన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, పైగా నర్తకి పాదాలతో ఆ పళ్ళేన్ని జరుపుకుంటూ పోతుంది. పాదం నిలిచి ఉందని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది, నిజానికి పాదం పళ్ళెంతో సహా కదులుతోంది. తరంగానికి సూటు వద్దన్న మీ మాట సరైనదే, కారణం మాత్రం ఇది.

అక్షరం_ముక్క
వేషధారణ సంగతి కూడా రాయండి. మా వద్ద ఒకసారి పూర్తి ఆహార్యంతో రికార్డు చేశారు. విసనకర్ర కుచ్చిళ్ళు మోకాళ్ళను కప్పివేయడం వల్ల కాళ్ళ డేటా అంతా ఊహలతో నిండింది.

హాలు_ఆపరేటర్
ఒంటికి అతుక్కునే నల్లని బట్టలే వేయించాలి. కుచ్చిళ్ళను తరువాత క్లాత్ సిమ్యులేషన్‌లో తెచ్చుకోవచ్చు. జడ మాత్రం వేయించి ఉంచండి, తల తిప్పే తీరు జడ బరువుతో మారుతుంది. జడకు జరీ, మెరిసే పూసలు ఉండకూడదు.

తరంగం_ట్రాక్
హస్తముద్రల విషయంలో ఏం చేయాలి? మాకు వచ్చిన ఫైలులో వేళ్ళు అసలు లేవు. గ్లవ్స్ అద్దెకు తీసుకోవచ్చా?

హస్తం
గ్లవ్స్ మీద పెట్టే డబ్బును మిగుల్చుకోండి. నాట్య గ్రంథమైన అభినయ దర్పణంలోని అసంయుత (ఒంటి చేతి) హస్తాలు 28. వేళ్ళ కదలికకు హద్దులు లేని మామూలు సంభాషణ వంటిది కాదు ఇది, దాదాపుగా ప్రతి హస్తానికీ స్థిరమైన రూపం ఉంది. ఆ 28 రూపాలను మీ రిగ్ (బొమ్మ ఎముకల గూడు) మీద ఒక్కసారి జాగ్రత్తగా నిలిపి, బ్లెండర్ పోజ్ లైబ్రరీలో పెట్టుకోండి. రికార్డింగ్ సమయంలో రెండు చేతులకూ దగ్గరగా మామూలు వీడియో తీయించండి. దానిని చూస్తూ ఏ ఫ్రేములో ఏ హస్తం మొదలైందో కీ చేస్తూ పోవడమే. గ్లవ్స్ ఎక్కడ తడబడతాయంటే వేలి కొస బొటనవేలిని తాకే చోట. త్రిపతాకంలో ఉంగరపు వేలు మడుస్తాము, దానిని చాలా గ్లవ్స్ బాగానే పడతాయి. మయూరంలో అదే ఉంగరపు వేలి కొస బొటనవేలి కొసను తాకాలి. మధ్యలో అర సెంటీమీటరు ఖాళీ కనబడినా అది మయూరం కాదు. ఆ తాకుడును చివరికి చేతితోనే సరిచేయాలి.

కీఫ్రేమ్_వాది
వేళ్ళకు చేతితో కీ చేయడం సబబు, పాదాలకు కాదు అంటున్నారు. కారణం హస్తం గారి మాటల్లోనే ఉంది: హస్తం ఒక రూపం, అడుగు ఒక తాకిడి. ఈ తేడాను ఒప్పుకుంటున్నాను. అయినా చాలా నెమ్మదిగా సాగే మొదటి కాలం అడుగులకు నా పద్ధతి సరిపోతుందనే నా అభిప్రాయం.

డబ్లిన్_గేమ్స్
భ్రమరుల గురించి ఒక హెచ్చరిక. నర్తకి తిరుగుతున్నప్పుడు నడుము ఎముక కోణం 179 డిగ్రీల దగ్గరి నుంచి ఒక్క ఫ్రేములో -179కి దూకుతుంది. శరీరం కదిలింది రెండు డిగ్రీలే, కర్వులో మాత్రం 358 డిగ్రీల గోడ లేస్తుంది. ఆ స్థితిలో ఏ ఫిల్టర్ వేసినా అది ఆ గోడను వంపుగా మార్చుతుంది, బొమ్మ ఒక్క క్షణంలో వెనక్కి గిర్రున తిరిగి వస్తుంది. కాబట్టి ఫిల్టర్ కంటే ముందు ఆయిలర్ ఫిల్టర్ నడపాలి, బ్లెండర్‌లో దానిని డిస్కంటిన్యూటీ ఫిల్టర్ అంటారు. అప్పుడు కోణాలు 180 దాటి 360, 720 దాకా వరుసగా పెరుగుతూ పోతాయి. మోక్యాప్ కదలికకు వాడే మరో రకమైన బీవీహెచ్ ఫైళ్ళలో కోణాలు ఎప్పుడూ ఆయిలర్ రూపంలోనే (మూడు అక్షాల చుట్టూ మూడు కోణాలుగా) ఉంటాయి కాబట్టి ఈ ఇబ్బంది వాటిలో తప్పదు.

ఫ్రేమ్ రేటు కూడా ముందే తేల్చుకోండి. 120 నుంచి 24కు రావాలంటే ప్రతి ఐదవ ఫ్రేము, 30కి రావాలంటే ప్రతి నాలుగవ ఫ్రేము తీసుకుంటే సరిపోతుంది. మీ పాఠాలు టీవీ కోసం 25లో కావాలంటే 120 దానితో సమంగా భాగింపబడదు, రికార్డింగే 100లో చేయించుకోవడం మేలు. 24కు కుదించినప్పుడు తాకిడి ఫ్రేము ఐదింటిలో ఎక్కడైనా పడవచ్చు. గుర్తు పెట్టిన ఫ్రేమును దగ్గరలోని 24వ వంతు మీదికి జరిపి, ఆ తరువాతే మిగతావి వదిలివేయాలి.

బీటెక్_ఫైనలియర్
మాది కాలేజీ ప్రాజెక్టు, హాలు అద్దె పెట్టే స్థోమత లేదు. రెండు ఫోన్లతో తీసిన వీడియో నుంచి కదలికను రాబట్టవచ్చునా?

విశాఖ_వీడియో
రాబట్టవచ్చు, ఫ్రీమోక్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని కోసమే ఉంది. రెండు ఫోన్ల కంటే మూడు నాలుగు ఉంటే మంచిది. ఒక్క ఫోన్ ముందు నుంచి చూస్తే అరమండిలో మోకాళ్ళు పక్కలకు విచ్చుకోవడం బాగా కనబడుతుంది కానీ పాదం ఎంత ముందుకు వచ్చిందో దానికి తెలియదు, లోతును ఊహించుకుంటుంది. పక్క నుంచి, ఏటవాలుగా మరికొన్ని పెట్టండి. సెకనుకు 60 ఫ్రేములలో తీయండి, ఎక్స్‌పోజర్‌ను బిగించండి, షట్టర్‌ను 500వ వంతుకు తగ్గించి హాలులో వెలుతురు పెంచండి. ఫోన్‌ను దాని ఇష్టానికి వదిలితే మసక వెలుతురులో షట్టర్ నెమ్మదిస్తుంది, తట్టు సమయంలో పాదం ఒక మసక చారలా పడుతుంది, ఆ చారలో మడమ ఎక్కడ ఉందో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. నలుపు తెలుపు గళ్ళ కాలిబ్రేషన్ బోర్డును అన్ని ఫోన్లకూ కనబడేలా తిప్పడం మరువకండి. రికార్డింగ్ మొదట్లోనూ చివరలోనూ ఒక చప్పట్లు కొట్టించండి. ఫోన్ల గడియారాలు నిడివి గల రికార్డింగ్‌లో ఒకదానికొకటి దూరమవుతాయి, చివరి చప్పట్లు ఉంటే అది ఎంతో తేలుతుంది.

నూటఇరవై_ఫ్రేములు
క్లీనప్ సాధన చేయాలనుకునేవారికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం మోషన్ క్యాప్చర్ సంకలనం ఉచితంగా దొరుకుతుంది. వైకాన్ కెమెరాలు 12, మార్కర్లు 41, సెకనుకు 120 ఫ్రేములు. సీ3డీ ఫైళ్ళు కూడా ఇచ్చారు కాబట్టి మార్కర్ల దశ నుంచి మొత్తం పనిని నేర్చుకోవచ్చు. కీఫ్రేమ్_వాది గారికి కూడా ఒక మాట: మొదటి కాలంలోనైనా పాదం ఆగడం ఒక్క క్షణంలోనే జరుగుతుంది. కాలం నెమ్మదిస్తే అడుగుల మధ్య ఎడం పెరుగుతుంది, అడుగు మెత్తబడదు.

తరంగం_ట్రాక్
సీ3డీ వచ్చింది. మీరంతా చెప్పినట్టు చూశాను. వణుకులో సగం అసలు వణుకే కాదు. నమస్కారంలో చేతులు దగ్గరైన ప్రతిసారీ ఎడమ మణికట్టు, కుడి మణికట్టు మార్కర్ల పేర్లు ఒకదానికొకటి మారిపోయాయి, అరమండిలో మడమలు దగ్గరైన చోట కూడా అంతే. అలా మారిన ఫ్రేములో అస్థిపంజరం మొత్తం ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. చీలమండ మార్కర్ కనబడని చోట్ల, కొన్ని అర సెకను దాకా ఉన్న ఖాళీలలో, సాదా స్ప్లైన్‌తో (రెండు కొసలను కలిపే నునుపైన వంపుతో) పూరించారు. ఆ ఖాళీలో నర్తకి రెండు అడుగులు వేస్తే స్ప్లైన్ ఒక్క మెత్తని వంపు గీసింది. నేను ఫిల్టర్ వేయకముందే ఆ అడుగులు ఫైలులో లేవు.

ఎముకలగూడు
అయితే పని క్రమం స్పష్టమైంది. ముందు పేర్లు సరిచేయాలి. పేరు తప్పిన మార్కర్‌తో ఖాళీ పూరిస్తే ఆ తప్పు పక్కవాటికి పాకుతుంది. తరువాత ఖాళీలు: పదికి లోపు ఫ్రేములైతే స్ప్లైన్ చాలు, అంతకు మించితే అదే ఎముక మీది మిగతా మార్కర్ల ఆధారంగా పూరించాలి, అవి కూడా లేకపోతే ఆ భాగాన్ని ఖాళీగానే ఉంచి చివరకు చేతితో చేయాలి. ఊహతో నింపినదాన్ని నిజమైన డేటాగా కలిపివేస్తే తరువాత ఎవరూ విడదీయలేరు. ఆ తరువాత తొడ, పిక్క మార్కర్ల మీద ఫిజియో గారు చెప్పిన వడపోత, ఆ తరువాతే ఎముకలుగా మార్చడం, మీ బొమ్మ కొలతలకు అతకడం. పిల్లల బొమ్మకు కాళ్ళు పొట్టిగా ఉంటాయి కాబట్టి అతికించాక పాదాలు మళ్ళీ జారుతాయి. తాకిడి గుర్తులు, ఐకే బిగింపు అన్నీ బొమ్మ మీదికి వచ్చాకే చేయండి, మూల అస్థిపంజరం మీద చేసినవి వృథా అవుతాయి.

వక్రరేఖ
సవరణలన్నీ మూల కర్వుల మీద కాకుండా వేరే పొరలో చేయండి. బ్లెండర్‌లో కదలికలను పొరలుగా పేర్చే ఎన్‌ఎల్ఏలో మూలం కింద, సవరణ పైన ఉంటే ఏ రోజైనా పై పొరను ఆపివేసి అసలు అడుగు ఎలా ఉందో చూసుకోవచ్చు.

నట్టువాంగం
నర్తకితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారా? కాపీరైట్ చట్టం (1957) 38వ సెక్షన్ ప్రదర్శకులకు ప్రత్యేక హక్కు ఇస్తోంది, ప్రదర్శకుల నిర్వచనంలో నర్తకుల పేరు స్పష్టంగానే ఉంది, ఆ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. ఆమె అడుగును పాఠాలకు వాడుతున్నారు. రేపు అదే ఫైలును వేరే ఆటకో ప్రకటనకో ఇవ్వాలంటే ఆమెను అడగాలి, ఆమె పేరు వేయాలి.

తరంగం_ట్రాక్
పాఠాలకు మాత్రమే అని రాసుకున్నాము, పేరు మొదట్లోనే వేస్తాము. రెండవ విడతలో పళ్ళెం మీద తరంగం కూడా ఉంది. పళ్ళేనికి మార్కర్లు ఎక్కడ పెట్టాలి?

హాలు_ఆపరేటర్
పళ్ళెం బయటి గోడకు నాలుగైదు, ఏ రెండింటి నడుమ దూరమూ ఒకటి కాకుండా. పాదాలు ఆనే అంచు మీద పెట్టకూడదు. లోపలి భాగాన్నంతా మెరుపు లేని నల్ల కాగితంతో కప్పండి, అంచును వదిలివేయండి, లేకపోతే పట్టు జారుతుంది. పళ్ళేన్ని విడి వస్తువుగా నమోదు చేస్తే దాని కదలిక వేరుగా వస్తుంది, పాదాలను నేలకు బదులు పళ్ళేనికి బిగించవచ్చు. మడమ, మునివేలి మార్కర్లను కాస్త పైకి, పాదం పై భాగానికి జరుపుతాను. పళ్ళెం గోడ వెనుక దాగిపోకుండా ఉండాలంటే నేల దగ్గర రెండు కెమెరాలను తక్కువ ఎత్తులో అదనంగా పెట్టించుకోవాలి, ఆ మాట హాలు బుక్ చేసేటప్పుడే చెప్పండి.